పాతిక మార్కులకు భయం

మా టీచర్ పోయారని ఆదివారం మధ్యాహ్నం పులివెందుల నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను మిద్దె మీద ఎండుమిరపకాయలు తిరగేస్తున్నాను. చేతుల నిండా కారం. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను.

"టీచరక్క పోయిందమ్మా," అన్నాడాయన. "అన్నం తిని టీవీ ముందర కూర్చునింది. ఏదో దయ్యాల సీరియలు పెట్టుకోనింది. మా మనవరాలు పోయి, అవ్వా సౌండు తగ్గించు అంటే పలకల్యా. చూస్తే లేదు."

"సీరియల్ అయిపోయిందా?" అని అడిగాను.

ఆ మాట నా నోట్లోంచి ఎందుకు వచ్చిందో నాకే తెలియదు. "ఏమోనమ్మా, మేం ఆర్పేసినాం," అన్నాడు.

ఆమె జమ్మలమడుగులో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా నాకు లెక్కలు చెప్పిన టీచర్. పెళ్ళి చేసుకోలేదు. రిటైరైన నాలుగేళ్ళకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు బస్సులో వచ్చిపోవడం చేతగాక, మా ఇంటి కింది వాటా అద్దెకు తీసుకున్నారు. నేను సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటాను, పొద్దున పూట ఖాళీయే. సోమ, బుధ, శుక్రవారాలు ఏడింటికి ఆమెను ఆటోలో డయాలసిస్ సెంటరుకు తీసుకుపోవడం, నాలుగు గంటలు పక్కన కూర్చుని వెనక్కి తీసుకురావడం నా పని అయింది. ఎవరూ అప్పగించలేదు. టీచర్ "పోదాం పా" అన్నారు, నేను చెప్పులు వేసుకున్నాను. నలభై ఏళ్ళు వచ్చినా ఆమె పిలిస్తే ముందు నా కాళ్ళు లేస్తాయి, ఆలోచన తర్వాత వస్తుంది.

మొదటి వారం ఆమెకు నేను ఫోన్‌లో పాత హాస్యనాటికలు పెట్టాను. భక్తి పాటలు పెట్టాను. చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకి నా ఒళ్ళో పడేశారు.

"ఏమ్మే, భయపెట్టేది ఏదన్నా లేదా నీ ఫోన్లో?"

"దయ్యాలవా టీచర్?"

"ఏదో ఒగటి. ముప్పై నాలుగేండ్లు అందరూ నన్ను చూసి భయపడినారు. ఆ భయమేందో నేనెప్పుడూ పడల్యా. ఎట్లుంటాదో చూస్తాం. ఎట్లా నాలుగు గంటలు కదిలేదానికి లేదు గదా."

అట్లా మొదలైంది. గడిచిన ఏడాదిలో భయపెట్టడానికి ఎవరు ఏం తీసినా, ఏం రాసినా మా చేతిలోంచి తప్పించుకోలేదు. సినిమాలు, సిరీసులు సెంటర్లో చూసేవాళ్ళం, చెరొక చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని. నవలలు మిగతా రోజుల్లో ఆమె వరండాలో నేను చదివి వినిపించేదాన్ని. టీచర్ ఒక రూళ్ళ నోటుబుక్కు పెట్టి ప్రతిదానికీ పాతికకు మార్కులు వేసేవారు. కథకు పది, భయానికి పది, ముగింపుకు ఐదు. చర్చికి వచ్చే ఆడవాళ్ళు చూడ్డానికి వచ్చి, ప్రార్థన చేసుకునే మనిషివి నీకు ఈ దయ్యాలేంది అని ఒకసారి అడిగారు. "దేవుణ్ణి నమ్మేదాన్ని, దయ్యాన్ని నమ్మకపోతే ఎట్లమ్మే?" అన్నారు టీచర్. వాళ్ళు కాఫీ కూడా తాగకుండా పోయారు.

మార్కుల్లో దయ లేదు. ఒక పెద్ద సినిమాలో తెల్ల గుడ్ల దయ్యం తలకిందులుగా గోడ మీద పాకుతూ వస్తే పక్క మంచం మీది ఆయన కూడా చూసి అదిరిపడ్డాడు. టీచర్ రెండు మార్కులు వేశారు. "దాని మేకప్పుకు రొండు. దయ్యం కనపడినంక ఇంగ భయమేంది? తలుపవతల ఎవరో నిలబడినారని తెల్సి, తలుపు తీయకుండా ఉంటామే, అప్పుడుండాది భయం." మలయాళంలో వచ్చిన ఒక చిన్న సినిమా ఆమెకు బాగా నచ్చింది. ఒక రేషన్ అంగడి నడిపే ఆడమనిషి దగ్గర, ఊళ్ళో ప్రతి ఇంటి కార్డులోనూ ఆ ఇంట్లో ఎవరూ ఎరగని ఒక పేరు ఎక్కుతుంది. అందరూ నోరు మూసుకుని ఆ పేరు మీద బియ్యం తీసుకుంటారు. చివరికి ఆ పేరుగల మనిషి ప్రతి ఇంటికీ తన బియ్యం అన్నంగా తినడానికి వస్తాడు. ఇరవై మార్కులు. తెలుగులో ఒక కొత్తమ్మాయి రాసిన నవలకు ఇరవై రెండు. అందులో బోరు వేస్తుంటే తొమ్మిది వందల అడుగుల కింద నుంచి నీళ్ళు రావు, ఒక గొంతు వస్తుంది. అది దప్పికకు నీళ్ళు అడుగుతుంది. ఆ పేజీ చదువుతుంటే టీచర్ నాలుకతో పెదాలు తడుపుకున్నారు. ఆమెకు రోజుకు తాగనిచ్చే నీళ్ళు రెండు గ్లాసులు. "ఆ పిల్లకు దప్పికంటే ఏందో తెల్సు," అన్నారు. "మూడు మార్కులు పట్టుకుంటా. ముగింపులో వాన పడేసింది. వాన యాడుంది ఈడ?"

నోటి దురుసు బడిలో ఎట్లా ఉండేదో మంచం మీదా అట్లాగే ఉండేది. కొత్తగా చేరిన పేషెంటు, చిన్నవాడు, ఇది ఎంతకాలం చేయించుకోవాలక్కా అని అడిగితే, "మొదటేడు కష్టమప్పా. రొండో ఏడు ఉంటే గదా దాని సంగతి," అన్నారు. వాడి భార్య ఆ తర్వాత మంచం మార్పించుకుంది.

ఇంతవరకు చదివి, ఏదో ముచ్చటైన మనిషి అని మీరనుకుంటారు. నిజమే, ముచ్చటైన మనిషే. నా చదువు ఆమె పెట్టిన భిక్ష. పది పాసయ్యాక మా నాయన నన్ను మాన్పించి తన గాజుల అంగడిలో కూర్చోబెట్టాడు. టీచర్ ఒకరోజు బడి వదిలాక నేరుగా అంగడికి వచ్చారు. గాజులు చూస్తున్న ఆడవాళ్ళ ముందే, "ఈ పాపకు తొంభై ఏడు మార్కులొచ్చినాయి లెక్కల్లో. నీకు ఎన్నొచ్చినాయప్పా?" అని అడిగారు. మా నాయన తల ఎత్తలేదు. "నీ కూతురే. బుర్ర మాత్రం నీది కాదు, నాశనం చేసేదానికి నీకు హక్కు లేదు," అని అక్కడే నిలబడి, కాలేజీ ఫారం మీద ఆయన చేత సంతకం పెట్టించుకుని పోయారు. ఆ కృతజ్ఞత నాకు ఈ రోజుకీ ఉంది. ఈ కింద రాయబోయేది ఆ కృతజ్ఞతను కొంచెం కూడా తగ్గించదు. అదే నా బాధ.

సెంటర్లో తొమ్మిది మంచాలు. దుప్పట్లు మార్చడం, నేల తుడవడం, పేషెంట్లు పాడుచేసుకుంటే శుభ్రం చేయడం ఒక ఆయా పని. ఎప్పుడూ మాస్కు, నెత్తికి టోపీ. రెండో వారం ఆమె మెట్ల దగ్గర మాస్కు కిందికి లాగి టీ తాగుతుంటే చూశాను. ఎడమ కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత మచ్చ. ఓబులమ్మ. ఏడో తరగతిలో నాతో చదివింది. నేను తల తిప్పుకుని ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ లోపలికి వచ్చేశాను.

ఓబులమ్మ వాళ్ళది పెన్న అవతలి పల్లె. గొర్రెలు మేపే ఇల్లు. తెల్లారి దొడ్డి ఊడ్చి, ఏరు దాటి నడిచి బడికి వచ్చేది. టీచర్ ఆమెను తలుపు దగ్గర కూర్చోబెట్టేవారు. "గాలి కొట్టే కాడ కూకో. మాకు గొర్రెల వాసనొస్తాంది," అనేవారు. అందరం నవ్వేవాళ్ళం. నాది ముందు బెంచీ, అందరిలో నాకే ఎక్కువ మార్కులు.

ఆ రోజు పదిహేడో ఎక్కం అప్పజెప్పమన్నారు. ఓబులమ్మ పదిహేడు ఆర్ల దగ్గర ఆగింది. టీచర్ కొట్టలేదు. స్కేలు ఆమె చెవి పక్కన పట్టుకుని, "చెప్పు. సాయంత్రం దాకా టైముంది నాకు," అని నిలబడ్డారు. కదల్లేదు, అరవలేదు. కాసేపటికి ఓబులమ్మ పావడా తడిసింది. నేల మీద మడుగు కట్టింది. టీచర్ వంగి ఆమె గుడ్డ సంచి తీసుకున్నారు, అందులోని పుస్తకాలు బెంచీ మీద కుమ్మరించారు, ఖాళీ సంచి ఆమె చేతికిచ్చారు. "తుడువు," అన్నారు. ఓబులమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తన పుస్తకాల సంచితో తుడిచింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత తరగతి అంతా నవ్వింది. మరునాటి నుంచి ఓబులమ్మ రాలేదు. టీచర్ వారం పాటు హాజరులో ఆమె పేరు పిలిచారు. తర్వాత ఎర్ర సిరాతో కొట్టేశారు.

అంతే. దాని గురించి తర్వాత ఎవరూ మాట్లాడుకోలేదు. నాకైతే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి, ఏ పనీ లేనప్పుడు గుర్తుకొచ్చేది.

సెంటర్లో ఓబులమ్మ మమ్మల్ని గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. టీచర్ మంచం దుప్పటి అందరి మంచాల్లాగే మార్చేది. "కాలు ఎత్తమ్మా," అనేది అందరితో అన్నట్టే. టీచర్ కూడా ఆమె ముఖం చూసి మాట్లాడేవారు కాదు. ముసలితనం, మర్చిపోయారనుకున్నాను. చెబుదామా అని ఎన్నోసార్లు అనుకున్నాను. ఇద్దరికీ చెప్పలేదు. ఐదు నెలలు ఇద్దరి మధ్యా స్టూలు వేసుకుని కూర్చుని దయ్యాల సినిమాలు చూశాను.

మధ్యలో ఒక విదేశీ సిరీస్ వచ్చింది, తెలుగులోకి డబ్బింగ్ చేసినది. ఒక బడిలో పిల్ల చనిపోతుంది. పంతులమ్మ రోజూ హాజరు పిలుస్తూ అలవాటు కొద్దీ ఆ పిల్ల పేరు కూడా పిలుస్తుంది. ఒకరోజు వెనక నుంచి "ఉన్నాను టీచర్" అని జవాబొస్తుంది. తరగతిలో ఎవరికీ వినపడదు, పంతులమ్మకు తప్ప. ఎనిమిది భాగాల సిరీస్. మూడో భాగం మధ్యలో టీచర్ సూదులు లేని చేత్తో ఫోన్ బోర్లించారు.

"బాగలేదు. తియ్."

"మార్కులు టీచర్?"

"సున్నా."

కడుపు నొప్పి వచ్చిందేమో అనుకున్నాను.

చలికాలంలో ఒక బుధవారం. మిషను ఎక్కి రెండు గంటలైంది. టీచర్‌కు ఒక్కసారిగా బీపీ పడిపోయింది. పిక్కలు పట్టేశాయి, కళ్ళు తేలేశారు. టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి మంచం తలవైపు దించి సెలైన్ వదిలాడు. పావుగంటలో తేరుకున్నారు, కానీ ఆ లోపలే ఒంటికీ రెంటికీ మంచంలోనే అయిపోయింది. టెక్నీషియన్ ఓబులమ్మను పిలిచాడు.

ఆమె తెర లాగలేదు. గోరువెచ్చని నీళ్ళ బేసిను, గుడ్డలు తెచ్చుకుంది. టీచర్‌ను పక్కకు తిప్పి తుడవడం మొదలుపెట్టింది. చేతులు మెత్తగానే పనిచేస్తున్నాయి. గొంతు మాత్రం తొమ్మిది మంచాలకూ వినపడేటట్టు వచ్చింది.

"ఈయమ్మ నాకు టీచరు," అంది. ఎవరినీ ఉద్దేశించి కాదు. "జమ్మలమడుగు బడిలో. ఏడో తరగతి. నేను ఒగ పొద్దు ఎక్కం రాక క్లాసులో ఉచ్చ పోసుకుంటి. భయానికి. ఈయమ్మ నా పుస్తకాల సంచి ఇచ్చి నాతోనే తుడిపిచ్చింది. మా యమ్మ బడికోసరం తన పాత చీర చించి కుట్టిన సంచి అది. కడుక్కోని ఇంటికి పోతి. మా యమ్మ ఏమైందే అంటే ఏట్లో పడిందంటి. మళ్ళా బడికి పోలేదు. పోయింటే నేను కూడా ఏదో ఒగటి అయ్యుందునేమో, తెల్దు. కాలు ఇట్ల పెట్టండి టీచర్."

మిషన్లు గుర్రుమంటున్నాయి. మూల మంచం మీద ముసలాయన మోచేతి మీద లేచి మరీ చూస్తున్నాడు. టీచర్ చేతికి రెండు సూదులు, రెండు గొట్టాలు, వాటిలో తన నెత్తురే తిరుగుతోంది. ఇంకా రెండు గంటలు కదలడానికి లేదు. వాళ్ళ పక్కనే నా ఫోన్‌లో ఏదో సినిమా నడుస్తూనే ఉంది, శబ్దం లేకుండా ఎవరో అరుస్తున్నారు.

తడి దుప్పటి లాగి, పొడి దుప్పటి పరిచి, అంచులు దోపాక ఓబులమ్మ మంచం ముందుకొచ్చి నిలబడింది. మాస్కు కిందికి దించింది.

"జ్ఞాపకముందా టీచర్?"

"లేదు," అన్నారు టీచర్.

"అస్సలు లేదా?"

టీచర్ నా వైపు తల తిప్పారు. "నువ్వు ఆ క్లాసే గదా. జరిగిందా?"

ఇద్దరూ నన్నే చూశారు. తుడిచిన ఒంటి మీద ఇంకా ఆరని తడి, పెదాలు ఎండిపోయి ఉన్న టీచర్ ముఖం చూశాను.

"నాకు గుర్తులేదు టీచర్," అన్నాను.

ఓబులమ్మ కొంచెంసేపు నా ముఖం చూసింది. "సరే. ఇద్దరికీ గుర్తు లేదంటే జరగలేదేమోలే," అంది. మురికి గుడ్డలు మూట కట్టుకుని వెళ్ళిపోయింది.

టీచర్‌ను ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి వెళ్ళబోతుంటే నా కొంగు పట్టుకున్నారు.

"ఎందుకు అబద్ధం చెప్తివి?"

"మీరు బాధపడతారని."

"నేనెందుకు చెప్పినానో అడగవా?"

"మీకు గుర్తుందా?"

"పోయిన మొదటి దినమే గుర్తుపట్టినా. మాస్కుంటే ఏం, కండ్లుండాయి గదా. పదిహేడో ఎక్కం కాడ నన్ను చూసిన కండ్లే." ఆమె గొంతు తగ్గింది. "వారానికి మూడు దినాలు దాని చేతికింద పండుకుంటాండా. ఈపొద్దు గొట్టం పీకుతాదా, ఈపొద్దు నీళ్ళలో ఏమన్నా కలుపుతాదా అని చూస్తాంటి. ఏమీ చేయల్యా. దుప్పటి మార్చి పోతాది. మళ్ళా వస్తాది, దుప్పటి మార్చి పోతాది. నువ్వు పెట్టిన దయ్యాలన్నీ దాని ముందర ఏపాటివి?"

"మరి నిజం చెప్పచ్చు గదా టీచర్."

"తొమ్మిది మంచాల ముందర, గుడ్డ లేకుండా పడుకోనుండి, ఔను నేనే చేసినా అని చెప్పేదానికి నాకు ధైర్యం లేకపాయ. నువ్వన్నా చెప్తావనుకుంటి. నేను చెప్పిచ్చిన చదువు ఆపాటిదే అన్నమాట."

ఆమె జీవితంలో నన్ను ఎన్నో అన్నారు. నన్ను చివరి దాకా కోసింది ఆ మాటే. అది నిజం కాదని నేను అనలేకపోయాను.

శుక్రవారం ఆమె చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు. ఓబులమ్మ వచ్చే దాకా తలుపు వైపే చూస్తూ పడుకున్నారు. ఆమె దుప్పట్ల కట్టతో మా మంచం దగ్గరకు రాగానే, అందరికీ వినపడేటట్టు, "ఓబులమ్మా, అది నేను చేసినదే. నాకు జ్ఞాపకముంది. తప్పు చేసినా. క్షమించు," అన్నారు. లెక్క చెప్పినంత స్పష్టంగా చెప్పారు.

నేను లోపల్లోపల, ఇంక అయిపోయింది, ఓబులమ్మ ఏడుస్తుంది, ఈమె కూడా ఏడుస్తుంది అనుకున్నాను. అట్లా జరగాలని కోరుకున్నాను. ఎందుకంటే అప్పుడు నా సంగతి ఎవరికీ గుర్తురాదు.

ఓబులమ్మ దుప్పటి దులిపింది.

"వద్దు టీచర్," అంది. కోపం లేదు. "మీరు చెప్పేస్తిరి, మీకు తేలికైపాయ. నేను సరేనంటే మీరు సుఖంగా పోతారు. నేను మాత్రం మళ్ళా దాన్ని ఇంటికి మోసుకపోవాల. నాకేం మిగుల్తాది? వద్దు. కాలెత్తండి, దుప్పటి మార్చాల."

టీచర్ కాలెత్తారు.

ఆ తర్వాత ఇంకా ఏడు వారాలు బతికారు. వారానికి మూడుసార్లు ఓబులమ్మ దుప్పటి మార్చింది. మళ్ళీ ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు. వార్డులో మిగతావాళ్ళు మాత్రం టీచర్‌తో మాటలు తగ్గించారు. మంచం మార్పించుకున్న చిన్నవాడి భార్య ఒకరోజు మా పక్కగా పోతూ, "టీచర్‌గారికి ఎక్కాలన్నీ వచ్చునా?" అంది. టీచర్ విన్నారు. ఎప్పుడూ మాటకు మాట బదులిచ్చే మనిషి, కళ్ళు మూసుకున్నారు.

ఏడాది చివర పత్రికకు పంపడానికి మార్కుల జాబితా తయారు చేద్దామని ఆమే అన్నారు. నోటుబుక్కు తెప్పించుకుని, వరండాలో ఎండ తగిలేచోట కూర్చున్నారు. ఆ విదేశీ సిరీస్ మిగతా భాగాలు ముందు పెట్టమన్నారు. మూడు రోజుల్లో అన్నీ చూశాం. చివర్లో పంతులమ్మకు ఆ పిల్ల తప్ప ఇంకెవరూ కనపడకుండా పోతారు. ఖాళీ బెంచీల మధ్య ఆ ఒక్కతే. పంతులమ్మ ఆ ఒక్కదానికే జీవితాంతం పాఠం చెబుతుంది, ఆ పిల్ల ఒక్క ప్రశ్నా అడగదు. టీచర్ సున్నా కొట్టేసి ఇరవై నాలుగు వేశారు. ముగింపుకు ఐదుకు ఐదు.

"ఒక్క మార్కు ఎందుకు తగ్గిచ్చినారు?"

"అందులో పిల్ల చచ్చిపోయింది," అన్నారు. "చచ్చిపోయినోళ్ళు సులువు."

కాబట్టి చదువరులారా, టీచర్ లెక్క ప్రకారం గడిచిన ఏడాది మొదటి స్థానం ఆ హాజరు సిరీస్‌ది. రెండోది బోరుబావి నవల. మూడోది రేషన్ అంగడి. తెల్లగుడ్ల దయ్యానికి అట్టడుగున రెండు మార్కులు. ఈ జాబితా మీకు పంపమని చెప్పారు, పంపుతున్నాను. మిగతాది రాయమని చెప్పలేదు.

తమ్ముడి మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారని శనివారం పులివెందులకు పోయారు. సోమవారం పొద్దునకల్లా వచ్చేస్తానన్నారు. ఆటో ఎక్కుతూ, "ఆదివారం కొత్త సీరియల్ ఒగటి వస్తాందంట. నేనాడ చూస్తా, నువ్వీడ చూడు. మార్కులు సరిపోల్చుకుంటాం," అన్నారు. నేను చూడలేదు. మిరపకాయల పనిలో పడిపోయాను.

జమ్మలమడుగులో సోమవారం పొద్దున్నే పూడ్చారు. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. పొట్టలు వచ్చిన మగవాళ్ళు, రిటైరవడానికి దగ్గరపడినవాళ్ళు. "ఆమె దెబ్బలు తిన్యాం కాబట్టే మనుషులైనాం మామా," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. దెబ్బల మచ్చలు చూపించుకుని గర్వపడ్డారు. ప్రియమైన శిష్యురాలిని కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. గాజుల అంగడి కథ చెప్పాను. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. టీచర్ తమ్ముడు నా తల మీద చెయ్యి పెట్టాడు. నేను చెప్పిందంతా నిజమే. చెప్పనిది ఇంకొకటి ఉందని ఆ పెట్టె పక్కన నిలబడినంతసేపూ నాకు తెలుసు. చెప్పే అవకాశం రెండోసారి కూడా చేతిలోకి వచ్చింది, రెండోసారి కూడా నోరు మూసుకున్నాను.

అక్కడినుంచి నేరుగా బస్సెక్కి ప్రొద్దుటూరులో సెంటరు దగ్గర దిగాను. పదకొండు కావస్తోంది. టీచర్ మంచం మీద అప్పటికే ఇంకొకరు ఉన్నారు. ఖాజీపేట వైపు నుంచి వచ్చిన రైతట, తలకు రుమాలు కట్టుకున్న పెద్దాయన. అదే మొదటి రోజు, పరీక్షలన్నీ అయ్యేసరికి ఆలస్యమైందట. ఓబులమ్మ దిండు సర్దుతోంది.

"టీచర్ పోయినారు," అన్నాను తలుపు దగ్గర నిలబడి.

"తెల్సు. ఫోనొచ్చినంకనే మంచం ఈయప్పకిచ్చిరి."

"నాకు గుర్తుంది ఓబులమ్మా. ఆపొద్దు నేను అబద్ధం చెప్పినా."

ఆమె దిండు మీద నుంచి చెయ్యి తీయలేదు. "అది కూడా తెల్సు," అంది. "ముందు బెంచీ నువ్వు. అందరికంటే మొదుట నవ్వింది నువ్వే."

ఎవరో కిసుక్కుమన్నారని పైన రాశాను. ఆ ఎవరో నేనే. చదివి వెనక్కి పోయి దిద్దుదామనుకున్నాను, కానీ ఇన్నేళ్ళు దాన్ని నేను ఎట్లా దాచుకున్నానో మీకు కూడా తెలియాలని అట్లాగే వదిలేస్తున్నాను.

టెక్నీషియన్ సూది విప్పాడు. పెద్దాయన దాని లావు చూసి మంచం మీదే వెనక్కి జరిగాడు. "నాకొద్దు నాయనా, ఇంటికి పంపీండి," అంటూ పసిపిల్లవాడిలా ఏడవసాగాడు. ఓబులమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. ఇన్ని నెలల్లో ఆమె ఏ పేషెంటు పక్కనా కూర్చోవడం నేను చూడలేదు. చేతి తొడుగులు తీసేసి, ఆయన అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"నా పక్క చూడప్పా," అంది. "మీ ఊర్లో ఏం పంట ఏసినారో చెప్పు. నేనీడనే ఉంటా."

పెద్దాయన వెక్కుతూనే, పసుపు వేశామని చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్ని మడులు, ఎప్పుడు తవ్వుతారు, ఈసారి దుంప ఎట్లా ఊరింది. ఆమె ప్రతి మాటకూ తలూపుతోంది. నేను తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. నన్ను లోపలికి రమ్మనీ, బయటికి పొమ్మనీ ఎవరూ అనలేదు.